నాలుగో దీవి

ఆ వేసవిలో మా బావ చేతిలోంచి బోటు స్టీరింగ్ పోయింది. షుగరు వల్ల పోయిందని డాక్టరు అన్నాడు, రాత బాగోలేక పోయిందని మా అక్క అంది. నా మొహం చూసి జాలిపడి అలా అన్నారు గానీ, అందులో సగం తప్పు ఒక బొమ్మల సీరియల్‌ది. మిగతా సగం, కనబడిన ప్రతివాణ్ణీ దాన్ని చూడు చూడు అని పీక్కుతిన్న నాది.

ఏప్రిల్ మధ్య నుంచి జూన్ మధ్య దాకా సముద్రంలో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని అరవై ఒక్క రోజులు మరబోట్లేవీ కదలకూడదు. విశాఖ ఫిషింగ్ హార్బర్లో ఆ రెండు నెలలూ బోట్లన్నీ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ జెట్టీకి కట్టేసి ఉంటాయి. మేము వాటికి రంగులేసుకుంటూ, షెడ్డులో కూర్చుని చిరిగిన వలలు కుట్టుకుంటూ పొద్దు పుచ్చుతాం. పదేసి రోజులు సరైన నిద్ర లేకుండా నీళ్ళమీద తిరిగే మనుషులకి తీరిక దొరికితే ఏం చేయాలో తోచదు. నాకు మాత్రం ఆ ఏడాది తోచింది.

ఒక పిల్ల. దాని చంకలో మట్టికుండ, కుండలో ఒక బుల్లి తుఫాను. ఆ తుఫాను తల్లి దగ్గర్నుంచి తప్పిపోయింది. దాన్ని తల్లికి అప్పజెప్పడానికి ఆ పిల్ల ఒక్కతే పడవ వేసుకుని ఏడు దీవులు దాటి వెళుతుంది. ఇంతే కథ, ఇరవై నాలుగు భాగాలు. ఏ దేశం వాళ్ళు తీశారో నాకు సరిగ్గా తెలీదు, మాటలు ఒక్క ముక్క అర్థం కావు. ఎవరో పుణ్యాత్ములు కింద తెలుగు అక్షరాలు వేసి పెట్టారు. కానీ ఆ సముద్రం గీసినవాడున్నాడే, వాడు తప్పకుండా ఒక్కసారైనా పడవ అంచు పట్టుకుని వాంతి చేసుకుని ఉంటాడు. అల పడవ కిందికి దూరే ముందు నీళ్ళు ఒక్క క్షణం నల్లబడతాయి, అది కూడా వదల్లేదు. పుట్టి బుద్ధెరిగాక నా బతుకుని ఎవరైనా బొమ్మలో పెట్టడం నేను చూసింది అదే మొదటిసారి. అది నా ఒక్కడి ఫోనులోనే ఉండిపోతే నాకు ఊపిరాడదనిపించింది.

చిన్ననాటి స్నేహితుడు అశోక్‌కి చెప్పాను. వాడు వేరే ఓనరు బోటుకి డ్రైవరు. మూడు రోజుల్లో మొత్తం చూసేసి, ఎర్రబడ్డ కళ్ళతో షెడ్డుకొచ్చి నన్ను వాటేసుకున్నాడు. మా బోటులో పనిచేసే కళాసీలు చూశారు. ఐస్ ఫ్యాక్టరీ గుమస్తా చూశాడు. నా పెళ్ళాం దేవి, కుండలో తుఫాను ఏడ్చినప్పుడల్లా తనూ ఏడ్చి, వంట మానేసి చూసింది. ఇక మిగిలింది మా బావ త్రినాథరావు.

అర్జునరావు గారికి రెండు బోట్లున్నాయి. పెద్దదానికి ఇరవై రెండేళ్ళుగా బావ డ్రైవరు, చిన్నదానికి రెండేళ్ళుగా నేను. మా దగ్గర డ్రైవరంటే ఇంజను నడిపేవాడు మాత్రమే కాదు. ఎక్కడ వల దించాలి, ఎప్పుడు వెనక్కి తిరగాలి, ఎక్కినవాళ్ళందర్నీ ఇంటికెలా చేర్చాలి, అంతా అతని మాటే. ఆ పని నాకు నేర్పింది బావే. మా అక్క చిట్టమ్మని చేసుకున్న మరుసటేడే నన్ను బోటెక్కించి, నీళ్ళ రంగు చూసి లోతు చెప్పడం దగ్గర్నుంచి అన్నీ నూరిపోశాడు. అలాంటి మనిషికి నేను తిరిగి ఇవ్వగలిగింది ఒక్కటి దొరికిందని నా సంబరం. చూడకపోతే ఊరుకుంటానా?

పెదజాలారిపేటలో వాళ్ళిల్లు మా ఇంటికి నాలుగు గుమ్మాల అవతల. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఫోను పట్టుకుని వెళ్ళేవాణ్ణి. మొదటిరోజు మొదటి భాగం పెట్టి చేతికిచ్చాను. బావ ఫోను చేతిలో పట్టుకుని, చెయ్యి చాపి, మళ్ళీ దగ్గరికి తెచ్చుకుని, కాసేపు అలా చూసి బాగుందన్నాడు. మిగతా భాగాలు ఆయన ఫోనులోకి ఎక్కించి వచ్చాను. రెండోరోజు ఎంతవరకు వచ్చిందని అడిగితే, మూడు భాగాలయ్యాయన్నాడు. మూడో భాగంలో ఆ పిల్ల చేసే పని నాకు ప్రాణం. అది గుర్తుచేసి ఎలా ఉందని అడిగాను. బాగుందన్నాడు. ఎక్కడ బాగుందని అడిగాను. నా పీడ అలాంటిది.

అక్క వంటింట్లోంచి వచ్చి, బావ చేతిలోని ఫోను లాక్కుని నా ఒళ్ళో పడేసింది.

"నీ బొమ్మలు నీ దగ్గిరే ఎట్టుకో. ఇంకోపాలి ఈ ఫోనట్టుకుని ఈ గుమ్మం తొక్కకు."

అక్క నామీద అంత కోపం ఎప్పుడూ చూపలేదు. బావ గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. నాకు రోషమొచ్చింది. సర్లే, పెద్దవాళ్ళకి బొమ్మలంటే చిన్నతనం కాబోలనుకుని వచ్చేశాను. తరవాత వారం రోజులు ఆ ఇంటికి వెళ్ళలేదు. వెళ్ళి ఉంటే, అక్క కళ్ళలోకి సూటిగా చూసి ఉంటే, ఏమైనా తెలిసేదేమో.

ఆ నెలలో అర్జునరావు గారి వరస కూడా బాగోలేదు. ఫిబ్రవరిలో పెద్ద బోటు జెట్టీకి రాసుకుని ముందు చెక్క విరిగింది. బావ చేతిలో అలాంటిది ఎప్పుడూ జరగలేదు. అర్జునరావు గారు అరిచే మనిషి కాదు, మెత్తగా మాట్లాడతాడు, అందుకే ఆయనంటే అందరికీ భయం. మే మొదటి వారంలో ఏదో సేవాసంఘం వాళ్ళు హార్బర్లో కళ్ళ పరీక్షలు పెడితే, తన డ్రైవర్లూ కళాసీలూ అందరూ చూపించుకోవాలన్నాడు. ఆ రోజు బావ పూడిమడకలో చుట్టాల పెళ్ళి ఉందని వెళ్ళిపోయాడు. పెద్ద బోటుకి కుర్ర డ్రైవరైతే బాగుంటుందని అర్జునరావు గారు ఎవరితోనో అన్నాడన్న మాట షెడ్డంతా తిరిగింది. యాభై ఏళ్ళ మనిషికి ఒకసారి స్టీరింగ్ పోతే హార్బర్లో ఇంకొకరెవరూ ఇవ్వరు. ఆ సంగతి నాకూ తెలుసు.

ఇక అసలు సంగతి. సముద్రం మీద మా మధ్య మాటలన్నీ వైర్‌లెస్ సెట్లోనే. ఆ సెట్లో ఒకడు మాట్లాడితే చుట్టుపక్కల తిరిగే బోట్లన్నీ వింటాయి. రొయ్య బాగా పడే చోట్లు మూడు బోట్లకీ, అంటే బావదీ నాదీ అశోక్‌దీ, ఏడున్నాయి. జీపీఎస్‌లో ఒకటి నుంచి ఏడు దాకా అంకెలు వేసి దాచుకున్నాం. అంతకుముందు ఏడాది సెట్లో ఆ అంకెలతోనే మాట్లాడుకున్నాం. వేరే బోట్ల వాళ్ళు రెండు నెలలు చెవులొగ్గి విని, ఏ అంకె ఏ చోటో పసిగట్టేశారు. మేము నాలుగు అంటే మాకన్నా ముందు వాళ్ళే అక్కడ వల దించేవారు.

షెడ్డులో వల కుడుతూ అశోక్ ఒక ఉపాయం చెప్పాడు. ఆ సీరియల్లో పిల్ల దాటేవి ఏడు దీవులు, మనవి ఏడు చోట్లు. వరసగా వాటి పేర్లే పెట్టుకుందాం: ఉప్పుకోట, అద్దాల అడవి, మూగదీవి, గాలిసంత, నల్లమెట్లు, తేనెలోయ, నిద్రపోయే రాక్షసి. చూసినవాడికి ఆ వరస చచ్చినా మరపు రాదు. చూడనివాడికి ఏ జన్మకీ తెలీదు. కాగితం మీద రాయక్కర్లేదు, సెట్లో అంకె పలకక్కర్లేదు. నేను ఎగిరి గంతేశాను. నా సీరియల్‌కి ఇంతకన్నా గౌరవం ఏముంది?

బావ అక్కడే, కాస్త పక్కగా కూర్చుని తాడు పేనుతున్నాడు. అప్పుడే అర్జునరావు గారు షెడ్డులోకి వచ్చి నిలబడి మా మాటలు వింటున్నాడు. అంతా విని, ఉపాయం బాగుందని, మరి త్రినాథానికి ఇవన్నీ తెలుసా అని నన్నడిగాడు. నేను బావ వైపు తిరిగి అడిగాను. ఓనరు ముందు అడిగాను, పదిమందిలో అడిగాను.

"బావా, మొత్తం సూసేవా?"

బావ తాడు పేనడం ఆపలేదు. "సూసేను. బాగుంది," అన్నాడు.

అర్జునరావు గారు తలూపి వెళ్ళిపోయాడు. నా గుండె ఎంత పొంగిందో చెప్పలేను. గుమ్మం తొక్కొద్దని అక్క అన్నా, నాకోసం చాటుగా మొత్తం చూశాడనుకున్నాను. వెర్రివెధవని.

జూన్ పదిహేనున హార్బరంతా గంగమ్మకి కొబ్బరికాయలు కొట్టి బోట్లు విప్పింది. బావ బోటులో పెద్ద కళాసీ సూరన్న ఆ రోజు రాలేదు, నాలుగు రోజులుగా జ్వరమట. సూరన్న బావకి కుడిభుజం. స్టీరింగ్ దగ్గర ఎప్పుడూ అతని పక్కనే నిలబడి ఉంటాడు. రెండు రోజులాగి అతన్ని తీసుకుని వెళ్దామని నేనన్నాను. బావ వినలేదు. నిషేధం తరవాత మొదటి వేట ఏ డ్రైవరూ వదులుకోడని, ఓనరు చూస్తున్నాడని అన్నాడు. అక్క జెట్టీ దాకా వచ్చింది. మామూలుగా రాదు. నన్ను పక్కకి పిలిచి, బావ బోటు కనుచూపు మేరలోనే ఉండమంది. నవ్వి సరేనన్నాను.

రెండు రోజులు బావ బోటు నా వెనకాలే తిరిగింది. నేను వల దించిన చోటే దించాడు, తీసినప్పుడే తీశాడు. గురువుగారు శిష్యుడి వెనకాల నడుస్తున్నారని మా కళాసీలు నవ్వుకున్నారు. మూడోరోజు తెల్లవారి చూస్తే ఆయన బోటు కనబడలేదు. సెట్లో అడిగితే కొంచెం పైకి, ఉత్తరంగా వెళ్ళానన్నాడు. నేను గాలిసంతలో, అంటే నాలుగో చోట, వల లాగుతూ ఉండిపోయాను. అశోక్ అప్పటికే కళింగపట్నం వైపు వెళ్ళి సెట్టుకి అందనంత దూరంలో ఉన్నాడు.

పది గంటలప్పుడు వల పైకి తీస్తుండగా నీటివాటం తిరిగింది. వదులైన వల బోటు వెనక కిందికి దూరి, నీళ్ళలో తిరుగుతూ బోటుని నెట్టే ఫ్యానుకి చుట్టుకుంది. పెద్ద కుదుపు కుదిపి ఇంజను ఆగిపోయింది. ఇది మాకు కొత్త కాదు. నడుముకి తాడు కట్టుకుని ఒకడు కత్తితో దిగి కోసేస్తే సరిపోతుంది. కానీ ఆ రోజు అలలు పెద్దవి. దిగిన కళాసీ రెండుసార్లు తల బోటుకి కొట్టుకుని నెత్తురుతో పైకొచ్చాడు. మూడోసారి దిగుతానంటే నేనొప్పుకోలేదు. ఇంకో బోటుతో లాగించుకుని ఒడ్డుకి వెళ్ళిపోదామని సెట్టందుకున్నాను.

"బావా, గాలిసంతలో ఉన్నాను. ఫ్యానుకి వల సుట్టేసింది. వచ్చి లాక్కెల్లు."

సెట్లో కాసేపు గరగర తప్ప ఏమీ వినబడలేదు.

"సరే. వత్తన్నాను," అన్నాడు బావ.

పైకి వెళ్ళినవాడు కిందికి రావడానికి గంట పడుతుందని లెక్కేసుకున్నాను. అందరం టీ పెట్టుకుని తాగాం. కబుర్లు కూడా చెప్పుకున్నాం. ఇంజను గదిలోకి వెళ్ళిన కళాసీ మెట్లెక్కి వచ్చి, నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాడు. ఫ్యాను కడ్డీ బయటికి పోయే చోట సీలు ఆ కుదుపుకి పగిలింది. నీళ్ళు బొటనవేలంత ధారగా లోపలికి వస్తున్నాయి. నేను చూస్తుండగానే అది రెండువేళ్ళంతైంది. గుడ్డలు కుక్కాం, గోనెసంచులు కుక్కాం. ఇంజను లేదు కాబట్టి పంపు లేదు. బకెట్లతో తోడడం మొదలుపెట్టాం. బ్యాటరీ అదే గదిలో, చెక్కబల్ల మీద ఉంది. నీటికీ బల్లకీ మధ్య జానెడు ఖాళీ. వైర్‌లెస్ సెట్టూ జీపీఎసూ ఆ బ్యాటరీ మీదే నడుస్తాయి.

బావ వస్తున్నాడన్న ధీమాతో ఇంకెవర్నీ పిలవలేదు. గంట దాటింది. ఏ దిక్కునా బోటు లేదు. ఎక్కడున్నావని బావని అడిగాను. వస్తున్నానన్నాడు. గాలిసంత నుంచి చూస్తే పోర్టులోకి వెళ్ళడానికి లంగరేసి ఉన్న ఓడలు పడమట వరసగా కనబడతాయి. ఓడలు కనబడుతున్నాయా అని అడిగాను. లేదన్నాడు. మరి యారాడ కొండ ఏ పక్కనుందని అడిగాను.

"మబ్బుగా ఉందిరా. కొండ తెలట్లేదు," అన్నాడు.

నేను తలెత్తి చూశాను. ఆకాశం తుడిచిపెట్టినట్టుంది. యారాడ కొండ నీలంగా, దాని పక్కన పోర్టు క్రేన్లు కూడా సన్నగా కనబడుతున్నాయి. ఎక్కడా మబ్బు తునక లేదు. ఇంజను గదిలోంచి ఒకడు, నీళ్ళు బల్లకి తగులుతున్నాయని అరిచాడు.

నాకప్పుడు వచ్చింది కోపమే, జాలి కాదు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ అదే నిజం.

"బావా, మూగదీవి తర్వాతేటి? సెప్పు. మూగదీవి తర్వాత ఆ పిల్ల ఎక్కడికెల్లింది?"

సెట్టుని నోటికి ఇంకా దగ్గరికి లాక్కుని మళ్ళీ అరిచాను.

"నువ్వు సూసేనన్నావు కదా బావా."

"నాను సూడలేదురా గణేషూ," అన్నాడు బావ.

అంతకుముందు రెండు నెలల్లో వందసార్లు అడిగిన ప్రశ్నకి అది మొదటి నిజమైన జవాబు. ఆలోచించడానికి టైము లేదు. నాలుగో పాయింటు, జీపీఎస్‌లో నాలుగు నొక్కు, అని అరిచాను. అంకె బయటపడుతుందన్న ధ్యాస కూడా లేదు. ఆ తరవాత బావ గొంతు, మామూలుగా, బోటు మీద అన్నం వడ్డించమని చెప్పినంత మామూలుగా.

"అంకెలు కనబడవురా. ఫోనూ కనబడదు, జీపీఎసూ కనబడదు. దూరమైతే అంతా మసక. ఆర్నెల్లైంది. సూరన్న సదివి సెప్పేవోడు, ఆడీపాలి రాలేదు. ఉండు, మా ఓల్లని పిలుత్తాను. ఆల్లకి సెప్పు."

సెట్టు మీద ఒక బొత్తం ఉంటుంది. నొక్కి పట్టుకుంటేనే మన మాట బయటికి వెళుతుంది, వదిలేస్తే మన బోటులోనే ఉండిపోతుంది. ఆ మాటలు బొత్తం వదిలేసి తన కళాసీతో గుసగుసగా చెప్పుకోవచ్చు. ఎవడికీ తెలిసేది కాదు. ఇరవై రెండేళ్ళు ఆ బొత్తం పట్టుకున్న మనిషి దాన్ని మరచిపోయి మాట్లాడడు. నేనలా అరుస్తుంటే నాకు జవాబు చెప్పకుండా ఉండడం ఆయన వల్ల కాలేదు, అంతే. సముద్రం మీద ఉన్న ప్రతి బోటూ విన్నది. హార్బర్లో సెట్టు ముందు కూర్చునే అర్జునరావు గారి గుమస్తా కూడా విన్నాడు.

ఇంక దాచేదేముంది? గాలిసంత ఉన్న చోటు అంకెలన్నీ, అక్షాంశం రేఖాంశం, ఒక్కొక్కటీ విడివిడిగా సెట్లో చదివాను. ఏ బోటైనా సరే, దగ్గరున్నవాళ్ళు రండి, ఏడుగురం ఉన్నామన్నాను. రెండోసారి చదువుతుండగా సగంలో సెట్టు ఆగిపోయింది. బ్యాటరీ మునిగింది.

అంకెలు వాళ్ళకి పూర్తిగా అందాయో లేదో తెలీదు. ఆ తరవాత గంటంబావు బకెట్లు, ఐస్ ట్రేలు, వంటగిన్నెలు, ఏది దొరికితే దానితో తోడాం. పట్టిన రొయ్యంతా బరువని సముద్రంలోకి తోసేశాం. తలకి దెబ్బతగిలినవాడు కూడా కట్టు కట్టుకుని తోడాడు. దేవి గుర్తొచ్చింది. అక్క జెట్టీ మీద అన్న మాట గుర్తొచ్చింది, అది బావ కోసం చెప్పిందని అప్పుడు తెలిసింది. ఒక్కొక్క బకెట్టుకీ బావని తిట్టుకున్నాను, ఒక్కొక్క బకెట్టుకీ రమ్మని మొక్కుకున్నాను. నీళ్ళు ఇంజను సగానికి వచ్చాయి, వెనక భాగం బాగా కుంగింది.

ఉత్తరం నుంచి పెద్ద బోటు వచ్చింది. ముందు కొసన ఒక కళాసీ నిలబడి ఎడమ చెయ్యి, కుడి చెయ్యి ఊపుతూ గొంతు చించుకుని దారి చెబుతున్నాడు. స్టీరింగ్ దగ్గర బావ ఉన్నాడు. ఆ చేతులు ఆయనకి కనబడవు, గొంతు వినే తిప్పుతున్నాడు. అంత అలల్లో, అంత పెద్ద బోటుని, మా పక్కకి మెల్లగా తెచ్చి గీతైనా పడకుండా ఆనించాడు. మా వాళ్ళు అందరూ ఎక్కాక ఆఖర్న నేనెక్కాను. బావ నా భుజాలు, చేతులు తడిమి చూశాడు. ఆయన బోటు పంపు గొట్టం మా బోటులోకి వేసి, మునగకుండా నీళ్ళు తోడుతూ తాడు కట్టి లాక్కొచ్చాం. దారిలో ఇంకో రెండు బోట్లు ఎదురొచ్చాయి, మా అంకెలు విని బయల్దేరినవే.

హార్బరుకి చేరేసరికి సాయంత్రం నాలుగైంది. జెట్టీ నిండా జనం. మా హార్బర్లో ఎవడైనా కాలు జారి పడితే నెలరోజులు వేళాకోళం ఆడతారు. ఆ రోజు ఒక్కడు నోరు మెదపలేదు. బావ దిగుతుంటే ఇద్దరు ముందుకొచ్చి చెయ్యందించారు. అంతకు ముందెన్నడూ ఆయనకి ఎవరూ చెయ్యందించలేదు. నాకు ఏడుపొచ్చింది.

అర్జునరావు గారు ఎప్పటిలాగే మెత్తగా మాట్లాడాడు. మనుషులు దక్కారు, అదే పదివేలన్నాడు. కళ్ళు మంచి డాక్టరుకి చూపించుకోమన్నాడు, ఖర్చు తనదన్నాడు. అన్నాక చెయ్యి చాపాడు. బావ మొలతాడుకి కట్టుకున్న ఇంజను తాళం విప్పి ఆ చేతిలో పెట్టాడు. ముడి వెంటనే రాలేదు. మేమందరం చూస్తూ నిలబడ్డాం.

పెద్దాసుపత్రిలో పరీక్షలు చేసి, షుగరు కంటి వెనక నరాల్ని తినేసిందన్నారు. లేజరు పెడితే ఉన్న చూపు నిలబడొచ్చు, పోయింది మాత్రం రాదన్నారు. నా బోటు రిపేరుకి ఒడ్డెక్కింది. వారం తరవాత అర్జునరావు గారు నన్ను పిలిచి పెద్ద బోటు తాళం బల్లమీద పెట్టాడు. ఆలోచించుకుని చెబుతానని వచ్చేశాను.

అక్క గుమ్మం ముందు మళ్ళీ నిలబడ్డాను. బావ లోపల నిద్రపోతున్నాడు. నేను ఆ తాళం ముట్టుకోనని, ఈ పాపమంతా నాదేనని, పదిమందిలో అడిగి ఆయన చేత అబద్ధమాడించింది నేనేనని చెప్పాను. అక్క చేటలో బియ్యం ఏరుతూ చాలాసేపు విన్నది.

"నాకు తెలుసు, సూరన్నకి తెలుసు," అంది చివరికి. "నీకు సెప్దామంటే మీ బావే ఒద్దన్నాడు. లోకమంతా ముసిలోణ్ణి సూసినట్టు సూత్తంది, ఆడొక్కడే నన్ను ఎనకటిలాగ సూత్తన్నాడు, ఆడికి సెప్పకే అన్నాడు. నాను ఇన్నాను. ఇనకుండా ఉండాల్సింది. నువ్వూ, మరో ఆరుగురూ నీల్లలో పోయుంటే నానేటయ్యేదాన్ని?"

అక్క చేట కింద పెట్టింది.

"నువ్వు ఒద్దన్నావనుకో, ఆయనకి కల్లొత్తాయేటి? ఎవుడో పట్టుకుంటాడు. ఆ ఎవుడో, మీ బావని బోటెక్కనిత్తాడేటి? ఎల్లి తాళం తెచ్చుకో."

తెచ్చుకున్నాను. తెచ్చుకున్నందుకు సంతోషం కూడా కలిగింది. పెద్ద బోటు స్టీరింగ్ మీద ఏ డ్రైవరుకి ఆశ ఉండదు? ఆ సంతోషం ఇప్పటికీ నాకు గొంతులో ముల్లులాగే ఉంది.

జూలై మూడో వారంలో, లేజరు పెట్టించుకున్న ఇరవై రోజులకి, పెద్ద బోటు వేటకి బయల్దేరింది. తెల్లారి ఆరుగంటలకి కళాసీలందరూ జెట్టీ మీద ఉన్నారు. బావ ఒక సంచీ భుజాన వేసుకుని, ఒంటరిగా, బోట్ల మధ్య చెక్కలు కాలితో వెతుక్కుంటూ నడిచి వచ్చాడు. చేతులు బాగానే ఉన్నాయి, వల లాగడానికి కళ్ళెందుకని ముందురోజు సూరన్నతో కబురు పంపాడు. వద్దనే ధైర్యం నాకు లేకపోయింది.

నేను స్టీరింగ్ గదిలో ఉన్నాను. ఇరవై రెండేళ్ళు ఆయన చెయ్యి రాసుకుని ఆ స్టీరింగ్ ఒకపక్క నునుపు తేలింది. నా చెయ్యి ఆ చోట పెట్టలేక కొంచెం పక్కగా పట్టుకున్నాను. బావ ఎక్కడ నిలబడతాడా అని కళాసీలందరూ పని మానేసి చూస్తున్నారు. ఆయన అలవాటు చొప్పున గది వైపు రెండడుగులు వేశాడు. ఆగాడు. తిరిగి బోటు ముందుకి వెళ్ళి, కుర్ర కళాసీలు నిలబడే చోట, జెట్టీకి కట్టిన తాడు చేతుల్లోకి తీసుకున్నాడు.

ఇంజను వేశాను. తాడు విప్పమని నేను చెప్పాలి. డ్రైవరు చెప్పందే ఎవరూ విప్పరు. అదే బోటు మీద, అదే తాడు దగ్గర, పద్దెనిమిదేళ్ళప్పుడు నేను నిలబడితే ఒరే గణేషూ విప్పరా అని ఆ గదిలోంచి అరిచిన మనిషికి నేనేమని చెప్పను? సూరన్న నావైపు చూశాడు. పక్క బోట్లవాళ్ళు కూడా చూస్తున్నారు.

బావ వెనక్కి తిరిగాడు. నా మొహం ఆయనకి ఆనదు. గది ఎక్కడుందో ఆ వైపుకి తలెత్తి, బోటంతా వినబడేలా అడిగాడు.

"తాడిప్పమంటావా, డ్రైవరూ?"

విప్పమన్నాను.